సూరమ్మకు కావలసిన చెయ్యి

2023 ఎండాకాలం. విజయనగరంలో ఒక ఆసుపత్రి డే కేర్ వార్డులో నేను స్టాఫ్ నర్సుని. క్యాన్సర్ పేషెంట్లు పొద్దున్నే వచ్చి, కీమో మందు ఎక్కించుకుని, సాయంత్రానికి ఇళ్ళకు వెళ్ళిపోయే వార్డు అది. ఒకసారి మందు ఎక్కించి, మళ్ళీ ఒళ్ళు తేరుకునే వరకు ఆగడాన్ని ఒక సైకిల్ అంటాం. ఇన్నేళ్ళలో ఎన్ని చేతులకు సూది వేశానో నాకే తెలీదు. బాగా గుర్తుండిపోయిన చెయ్యి మాత్రం సూరమ్మది.

సూరమ్మ శ్రీముఖలింగం దగ్గర పల్లెలో వరి పండించే మనిషి. ఎడమ రొమ్ముకు ఆపరేషనయింది. ఆ వైపు చేతికి సూది వెయ్యకూడదు కాబట్టి మాకు మిగిలింది కుడి చెయ్యొక్కటే. మొదటి రెండు సైకిళ్ళకూ సూది వేసింది నా తోటి నర్సు భారతి. రెండుసార్లూ నరం వెంటనే దొరికింది, పెద్దగా వాంతులూ కాలేదు. దాంతో సూరమ్మకు ఆ పిల్ల మీద గురి కుదిరిపోయింది. "ఆ గుంటది మంచి హస్తవాసమ్మా" అని వార్డంతా చెప్పుకునేది. వచ్చినప్పుడల్లా భారతికి సంచి నిండా తోటకూరో ములక్కాడలో తెచ్చేది. పక్కనే ఉన్న నాకు ఒక్క కాడ కూడా రాల్చేది కాదు.

మూడో సైకిల్ నాటికి భారతి పురిటి సెలవులో వెళ్ళింది.

"ఈరోజు నేను వేస్తాను పిన్నీ, చెయ్యి చాపు," అన్నాను.

సూరమ్మ చెయ్యి కొంగులోకి లాక్కుంది. "వద్దమ్మా. ఆ గుంట వచ్చినాకే ఏయించుకుంటాను."

"తను రావడానికి నెలలు పడుతుంది. అంతవరకు రోగం ఆగుతుందా?"

"ఆగకపోతే నా కర్మ."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మందు అదే, డాక్టరు ఆయనే, మధ్యలో నా చెయ్యేం పాపం చేసిందని గట్టిగానే అడిగాను. ఆవిడ లేచి బయటికి నడిచింది. భర్త అప్పన్న సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. "నానేటి సెప్పినా ఇనదమ్మా. ఇంక మీరే సూడాల," అన్నాడు.

కీమో మధ్యలో మానేసినవాళ్ళు మళ్ళీ ఏ స్థితిలో వస్తారో మాకు తెలుసు. ఈవిడను మాత్రం బస్సెక్కనివ్వకూడదనుకున్నాను. బేసిన్లో గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని వెళ్ళి, వరండాలో బల్ల మీద కూర్చున్న ఆవిడ పక్కనే కూలబడ్డాను. కుడి చెయ్యి పట్టుకుని నీళ్ళలో పెట్టాను.

"ఏటిది?"

"వేడి తగిలితే నరం పైకి తేలుతుంది. సూది వెయ్యనులే, ఊరికే ఉంచు."

కాసేపటికి తనే మాట్లాడింది. "మా అప్పకీ ఇదే జబ్బమ్మా. రెండు కీమోలు బాగానే అయినాయి. మూడోదాని కాడే పోయింది."

అప్పుడర్థమైంది నాకు. మూడోది అనగానే ఆవిడకు చచ్చిపోయిన అక్క కనబడుతోంది. భారతి చెయ్యి ఉంటే గండం దాటేస్తానని ఆశ పెట్టుకుంది.

"మీ అప్ప మూడోది వేయించుకున్నాక పోయిందా?"

సూరమ్మ నీళ్ళలో వేళ్ళు ముడుచుకుంది. "నేదు. బయమేసి మానీసింది. ఇంటికాడే ఉండిపోయింది."

"మరి నువ్విప్పుడు సేస్తన్నదేటి?" వార్డులో కాస్త పట్నం భాష మాట్లాడతాం గానీ, కోపమొచ్చినా ప్రేమొచ్చినా నాకు మా ఊరి మాటే వస్తుంది.

ఆవిడ తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని లేచింది. "ఒక్కపాలే. తప్పిందనుకో, నానెల్లిపోతాను."

ఆ రోజు ఇవ్వాల్సింది ఎర్రమందు. రంగును బట్టి అందరం అలాగే పిలుస్తాం. అది వెసికెంట్, అంటే నరం దాటి బయటికి కారితే కండను కాల్చేసే రకం. అందుకే నరంలో ఉంచే సన్నటి గొట్టం, క్యాన్యులా, సరిగ్గా కూర్చోవాలి. పైకి కనిపించే నరాలు ముందు సైకిళ్ళకే గట్టిపడ్డాయి. మోచేతి కింద లోతుగా ఉన్న నరాన్ని వేళ్ళతో వెతికి సూది దింపాను. రక్తం రాలేదు. సూరమ్మ ఊపిరి బిగబట్టింది. సూది తియ్యకుండా వెంట్రుకవాసి ముందుకు జరిపాను. క్యాన్యులా వెనక రక్తం కనిపించింది.

"అయిందా?" అంది కళ్ళు మూసుకునే.

"అయింది పిన్నీ. కళ్ళు తెరువు."

ఆ మందును సిరంజితో మెల్లగా పంపాలి, నర్సు పక్కనుంచి కదలకూడదు. అంతసేపూ ఆవిడ నా యూనిఫాం అంచు పట్టుకునే ఉంది. అక్క గురించి చెప్పి ఏడ్చింది. చూపు చేతి మీదే ఉంచి నేనూ ఏడ్చాను.

మిగతా సైకిళ్ళన్నీ పూర్తి చేసింది. ఒకసారి నాకు నరం తప్పింది కూడా. "ఇంకోటి సూడు తల్లీ," అందే గానీ ఇంటికి పోతాననలేదు.

మరుసటి ఏడు వానలు పడగానే ఫోన్ చేసింది. వరినాట్లను మా వైపు ఉభాలంటాం. వాళ్ళింట్లో మంచి చెయ్యి అనుకున్నవాళ్ళ చేతనే ఉభాలు మొదలుపెట్టిస్తారట. "మీరిద్దరూ రావాల. మీరొచ్చినవరకూ మడిలో దిగం," అని పట్టుబట్టింది. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో వాదనెందుకని వెళ్ళాం. భారతి ఏడాది పిల్లను ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. నేను చీర ఎగ్గట్టి బురదలో దిగి, నాలుగు నారు పరకలు గుచ్చాను. చెయ్యి తియ్యగానే అవి నీళ్ళ మీద తేలాయి. నాట్లకొచ్చిన ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు.

సూరమ్మ వంగి, ఆ పరకలు ఏరి, బొటనవేలితో లోపలికి నొక్కింది. "నవ్వకండే. నానీ మడిలో నిలబడ్డానంటే ఈలిద్దరి సేతులే. మా అప్పకి ఇలాటోలు దొరకనేదు," అంది.

నవ్వులు ఆగిపోయాయి. నేను ఇంకో పరక తీసుకుని, ఆవిడలాగే బొటనవేలితో నొక్కాను.

మందు ఎలా పనిచేస్తుందో మాకు చదువులో చెప్పారు. మనిషి చెయ్యి చాపాలంటే ముందు పక్కన కూర్చోవాలని సూరమ్మ నేర్పింది. ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా "నీ చెయ్యి మంచిదేనా?" అని అడిగితే నాకు కోపం రాదు. మంచిదేనని చెప్పి, స్టూలు దగ్గరకు లాక్కుంటాను.