మామ ఆటను నేను కండెకు చుట్టిన రోజు

ఆ రోజుల్లో మా ఇంట్లో పారేయడం అనే పనే ఉండేది కాదు. చీర చిరిగితే బొంత, బొంత చిరిగితే మసిగుడ్డ, మసిగుడ్డ చివికితే పొయ్యి రాజేసే పీలిక. అలాంటి ఇంట్లో పెరిగి, మూడో తరగతితో బడి మానేసి, పదిహేనేళ్లకే మగ్గానికి నూలు కండెలు చుట్టడంలో మోత్కూర్ మొత్తానికీ నన్ను మించినవాళ్లు లేరని (ఎవరూ అనలేదు, నేనే అనుకునేదాన్ని) మురిసిపోతున్న నా చేతిలోనే ఒక వస్తువు పూర్తిగా పాడైపోయింది. అజాగ్రత్త వల్ల కాదు, జాగ్రత్త ఎక్కువై.

నాయిన పోయాక అమ్మ నన్నూ అన్ననూ వెంటబెట్టుకొని పుట్టింటికి వచ్చేసింది. ఆ ఇంట్లో రెండు మగ్గాలు. ఒకటి తాతది. రెండోది మా చిన్నమామది, కానీ అప్పటికి ఆరేళ్లుగా దానిమీద జొన్నల గంపలు పెట్టుకుంటున్నాం. మామ ఒక పొద్దున మగ్గం గుంటలోంచి లేచి, చేతులు దులుపుకొని, భాగవతం ఆడే మేళంలో చేరిపోయాడు. ఆడవేషం కట్టేవాడు. ఆయన చీర కట్టి నడిచొస్తే ఊళ్లో ఆడవాళ్లు తమ కుచ్చిళ్లు సవరించుకునేవాళ్లట. తాత మాత్రం అప్పటినుంచి కొడుకుతో మాట్లాడలేదు, ఆట చూడలేదు. మేళం మా ఊరికి వచ్చినప్పుడల్లా ఆయనకు తిరుమలగిరిలో ఏదో తప్పని పని పడేది.

అన్న పట్నంలో కాలేజీ చదువుతుండేవాడు. ఒక ఎండాకాలం సెలవులకు తువ్వాలలో చుట్టిన కెమెరాతో దిగాడు. అది కాలేజీవాళ్లది. చేస్తున్న పని విడిచిపెట్టి ఆటలోకి వచ్చినవాళ్ల మీద చిన్న సినిమా తీయాలట, పంతుళ్లకు చూపించాలట. మామ మేళంలో అలాంటివాళ్లు ముగ్గురున్నారు. గొర్రెలు అమ్మేసి వచ్చిన ఒక గొల్లాయన, బడి వదిలేసి గజ్జె కట్టిన ఒక పంతులు, మా మామ. అన్న దగ్గర ఉన్నవి రెండే రీళ్లు, ఒక్కొక్కటి మూడు నిమిషాలు. మొదటి రీలు గొల్లాయనతో మొదలుపెట్టాడు. ఆయన ఆడమంటే ఆడకుండా, గొర్రెలు ఎందుకు అమ్మాడో, అందులో ఏ పొట్టేలుకు ఏ గుణమో చెప్పుకుంటూ పోయాడు. ఆ కెమెరాకు చెవులు లేవని అన్న నచ్చజెప్పేసరికి సగం రీలు అయిపోయింది. మిగిలిన సగంలో పంతులు సిగ్గుపడుతూ నిలబడ్డాడు.

రెండో రీలు మొత్తం మామకని అన్న పట్టుబట్టాడు. ఊరి బయట పెద్ద బండ మీద, మిట్టమధ్యాహ్నం, మామ పూర్తి వేషంతో వచ్చాడు. ముఖం మీద నీడ పడకుండా నేనూ అమ్మా తెల్లటి పంచె ఒకటి చెరో కొసన పట్టుకొని వెలుతురు ఆయన మీదికి మళ్లించాలి. చెప్పుల్లేని కాళ్లు కాలి నేను ఎగురుతుంటే, ఆడేది మామో నేనో తెలియడం లేదని అన్న విసుక్కున్నాడు. ఆట మొదలయ్యేముందు మామ గజ్జెలు బిగించుకుంటూ మెల్లగా అడిగాడు.

"అల్లుడా, ఇది గోడ మీద పడ్తదంటివి గద. మనింట్ల గోడ మీద గూడ పడ్తదా?"

"పడ్తది మామా. మిషిను కిరాయికి తెస్త."

"నేనాడే జాగకు నాయిన రాడు. నేను సచ్చినా రాడు. ఆయనింట్ల ఆయన గోడ మీద పడితే ఏం జేస్తడు, కండ్లు మూసుకుంటడా?"

"మూసుకున్నా మూసుకుంటడు" అంది అమ్మ. అందరం నవ్వాం, మామ కూడా నవ్వాడు. కానీ ఆ మూడు నిమిషాలూ ఆయన కెమెరా ముందు ఆడలేదు, తాత ముందు ఆడాడు. కాళ్లకింద బండ కాలుతోందన్న సంగతి అప్పుడు నాకు కూడా గుర్తులేదు.

ఇంటికొచ్చాక అన్న ఆ రీలును రేకుడబ్బాలో పెట్టి నా చేతికిచ్చాడు. "చెల్లె, దీంట్ల మామ ఉన్నడు. జర జాగ్రత్తగ పెట్టు" అని బావికి స్నానానికి వెళ్లాడు. ఇక్కడ మా ఇంటి కట్టుబాటు ఒకటి చెప్పాలి. బయటినుంచి వచ్చిన నూలు ఏదైనా సరే, విప్పి, తెగిన చోట ముడేసి, మళ్లీ బిగువుగా చుట్టనిదే మా ఇంట్లో గూట్లోకి ఎక్కదు. వదులు కండె గూట్లో పెడితే తాత అన్నం సహించేవాడు కాదు. జాగ్రత్తగా పెట్టడమంటే నాకు తెలిసింది అదొక్కటే. డబ్బా తెరిచి చూద్దును కదా, కొస వదులుగా వేలాడుతోంది. ఈ చదువుకున్నవాళ్ల చేతిపని ఇంతే అనుకొని, వాకిట్లో ఎండలో రాట్నం వేసుకొని కూర్చొని, మొత్తం విప్పి, దుమ్ము పోయేలా తడిగుడ్డతో తుడుస్తూ, వేలిసందున పోనిస్తూ కండెకు గట్టిగా చుట్టాను. మధ్యమధ్య ఎండకు ఎత్తి మామ ఎక్కడున్నాడా అని చూశాను. కనపడలేదు. ఆరాక కనపడతాడనుకున్నాను.

అన్న తడితలతో వచ్చి గడపలోనే ఆగిపోయాడు.

"ఏం జేసినవే?"

"చుట్టిన. వదులుగుండె."

వాడు అక్కడే కూలబడ్డాడు. వెలుతురు తగిలితే బొమ్మ చచ్చిపోతుందని చెప్పాడు.

"మరి ఎండల్నే గద దీసినవ్" అన్నాను.

అంటూనే ఏడుపు అందుకున్నాను. మరో రీలు లేదు. తెల్లారితే మేళం కోస్గి దిక్కుకు బండ్లు కట్టుకొని పోతుంది, మళ్లీ ఎన్నాళ్లకొస్తుందో. మామ అడిగిన మాటే చెవిలో తిరుగుతోంది.

లోపల మగ్గం చప్పుడు ఆగింది. తాత బయటికొచ్చి ఆ రీలునూ నన్నూ చూశాడు. ఆ పొద్దంతా ఏం జరిగిందో, మామ అడిగిన గోడ మాటతో సహా, అన్న ఒక్కో ముక్క చెప్పాడు. తాత నావైపు తిరిగాడు.

"విప్పి చుట్టుమని నీకు జెప్పిందెవరు?"

నిజం చెప్పాలా వద్దా అని కొంచెంసేపు ఆలోచించాను. "నువ్వే" అన్నాను.

ఎదుటివాళ్ల నూలు మా ఇంట్లో చెడితే ఇంటిపెద్ద పోయి సరిచేసి రావాలి, అది తాత పెట్టిన రివాజే. రుమాలు తలకు చుట్టుకొని "ఏడున్నడు వాడు?" అన్నాడు.

బండ దగ్గర మేళం దిగిన చోటికి మేము వెళ్లేసరికి పొద్దు ఇంకా మునగలేదు. మామ లుంగీ కట్టుకొని, సగం ముఖం రంగు తుడుచుకొని, పెట్టె సర్దుకుంటున్నాడు. తండ్రిని చూసి లేచి నిలబడ్డాడు. చేతిలో తువ్వాల అలాగే ఉంది.

"పిల్ల నీ బొమ్మ కరాబు జేసింది" అన్నాడు తాత, బండవైపు చూస్తూ. "మా ఇంట్ల చెడ్డది మేమే సరిజేయాలె. గోడ మీద చూడాల్సింది గీన్నే చూస్త. అదెంత సేపురా?"

"మూడు నిమిషాలు తాతా" అన్నాడు అన్న.

"గంతే చూస్త. కాంగనే చెప్పు."

మామ లుంగీ మీదే గజ్జె కట్టాడు. గొల్లాయన తాళాలు అందుకున్నాడు (ఈసారి పొట్టేళ్ల ఊసు ఎత్తలేదు, ఆ పుణ్యం ఆయనదే). సగం ఆడముఖం, సగం గడ్డం మాసిన మగముఖం, నవ్వు రావలసిన వేషం. ఎవరికీ రాలేదు. చీర లేకుండానే ఆయన కొంగు తీసి భుజాన వేసుకుంటే, కొంగు ఉన్నట్టే కనపడింది నాకు. అన్న చేతిగడియారం వైపు ఒకసారి చూసి, చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. ఇక చూడలేదు. తాతా అడగలేదు. పొద్దు బండ చాటుకు పోయేదాకా మామ ఆడుతూనే ఉన్నాడు.

ఆగాక తాత లేచి పంచె దులుపుకున్నాడు. "కుడికాలు బరువుగ వడ్తాంది" అన్నాడు. "మగ్గం చెక్కలు తొక్కేటప్పుడు గూడ నీకదే రోగముండె." రెండడుగులు నడిచి ఆగాడు. "పొద్దుగాల బండి కట్టకముందు ఇంటికొచ్చి తినిపో. మీ అక్క ఎదురుచూస్తది."

మామ తలూపాడు. కళ్లు ధారకట్టి, మిగిలిన సగం రంగు ఆయన తుడుచుకోనవసరం లేకపోయింది.

అన్న సినిమాను కాలేజీలో చూపించారట. గొల్లాయన నోరు ఆడిస్తూనే ఉంటే అందరూ పడిపడి నవ్వారట. మామ లేడు. ఆ వానాకాలం మాత్రం తాత ఎవరూ అడగని చీర ఒకటి మగ్గానికెక్కించాడు, మందారం రంగు, జానెడు అంచు. కండెలు నేనే చుట్టాను.

"ఇంత పెద్దంచు ఎవరికి తాతా?" అని తెలిసీ అడిగాను.

"ఎవరో కట్టుకుంటరు. మాటలు బందువెట్టి పని జూడు" అన్నాడు, ముఖం అటు తిప్పుకొని.

అప్పుడు లోపల్లోపల నవ్వుకున్నాను, ముసలాయనకు ప్రేమగా రెండు మాటలు అనడం చేతకాదని. ఇప్పుడు నాకు ఆయన వయసు వచ్చింది. మనవరాలు వచ్చి ఒళ్లో తల పెట్టుకుంటే వెంటనే లేచి ఆ బియ్యం ఏరమంటాను, ఈ చిక్కుళ్లు ఒలవమంటాను. అవ్వకు ఎంతసేపూ పని యావే అని అది సణుగుతూ ఏరుతుంది. నేను ముఖం అటు తిప్పుకుంటాను.