మూడువందల పన్నెండు సమాధుల జాబితా

మా అన్నయ్య ప్రేమానందం బెంగాల్లో లిలువా రైల్వే వర్క్‌షాపులో ముప్పైనాలుగేళ్లు ఫిట్టరుగా పనిచేశాడు. బోగీల కింద దూరి, బ్రేకు గొట్టాల్లో గాలి ఎక్కడ పోతోందో చెవి పెట్టి వినేవాడు. రిటైరై క్వార్టరు ఖాళీ చేశాక ఖిదిర్‌పూర్‌లో రేవు దగ్గరి మా తెలుగు చర్చి వెనక సందులో ఒక గది తీసుకున్నాడు. అప్పటికి వదిన దెబోరా పోయి ఏడాది. నేను గార్డెన్ రీచ్‌లో ఉండేదాన్ని. బుధవారాలు కూర పట్టుకుని బస్సెక్కి వెళ్లేదాన్ని. అన్నయ్య కూడా పోయాడు ఇప్పుడు. ఆ గది గుర్తొస్తే నాకు ముందు కనపడేది ఆయన వీపు. ఎప్పుడు వెళ్లినా కంప్యూటరు వైపు తిరిగి కూర్చుని ఉండేవాడు.

ఆ కంప్యూటరు ఎందుకో చెప్పాలి. వదినను సమాధి చేసిన మొదటి ఏడాది వానలకు గడ్డి పెరిగి, పాతిన కర్ర సిలువ కుళ్లిపోయింది. ఈస్టరు ముందు శనివారం మావాళ్లంతా సమాధులు బాగుచేసుకోవడానికి వెళతారు. గడ్డి కోసి, మట్టి ఎగదోసి, సున్నం కొట్టి వస్తే మర్నాడు తెల్లవారుజామున కొవ్వొత్తులు పెడతారు. ఆ శనివారం అన్నయ్య రెండు గంటలు తిరిగినా వదిన ఎక్కడుందో తేల్చుకోలేకపోయాడు. చివరికి శ్మశానం కాపలావాడు చూపించాడు. రేవులో కూలి చేసుకునే మావాళ్లలో రాతిపలక వేయించగలిగినవాళ్లు ఎంతమంది? అప్పటినుంచి ఆయన ముసలివాళ్లను ఒక్కొక్కరినీ వెంటబెట్టుకుని వెళ్లి, ఎవరు ఎక్కడున్నారో అడిగి రాసుకున్నాడు. కొళాయి నుంచి ఇన్ని అంగలు, స్తంభం నుంచి ఇన్ని అంగలు, అలాగ. మొదట నోటు పుస్తకంలో రాశాడు. అది వరదనీళ్లలో నాని ముద్దయ్యే సమయానికి అదృష్టవశాత్తూ అంతా కంప్యూటర్లోకి ఎక్కించేశాడు. మూడువందల పన్నెండు పేర్లు.

చాందినీ బజార్లో కొన్న పాత మిషను అది. అందులో కంప్యూటరును నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేరు వేయించుకున్నాడు. "ఉత్తినే ఇస్తారు సెల్లీ, పైగా మూత ఇప్పి లోపల సూసుకోవొచ్చు," అన్నాడు. మూత విప్పడానికి వీల్లేని వస్తువంటే ఆయనకు నమ్మకం ఉండేది కాదు.

రెండువేల తొమ్మిది, ఈస్టరు ముందు నలభై రోజుల శ్రమదినాలు మొదలైన వారం. లినక్స్ కొత్త రకం వచ్చిందని దాన్ని వాడేవాళ్ల క్లబ్బులో డిస్కు ఇచ్చారు. జాబితా ఫైలు పక్కకు తీసిపెట్టి, పాతదాన్ని తుడిచేసి కొత్తది ఎక్కించాడు. మిషను లేచింది కానీ తెరమీద అన్నీ బూరెలంత అక్షరాలు. ప్రింటరు పలకలేదు, పాటలు వినపడలేదు. నేను కంగారుపడ్డాను. ఆయన పడలేదు. వర్క్‌షాపులో లాగే ఒక పుస్తకం పెట్టి తేదీ, జబ్బు, చేసిన పని, ఫలితం రాసుకుంటూ పోయాడు. "ఒక్కసారే రెండు నట్లు తిప్పకూడదు. తిప్పితే బాగైంది దేనివల్లో తెల్దు," అనేవాడు. మొదటి వారంలో తెర కుదుటపడింది, రెండో వారంలో ప్రింటరు పలికింది. పాట వినపడిన రోజు నాకు ఫోను చేసి, రిసీవరు మిషను దగ్గర పెట్టాడు.

ఆ మర్నాడు సమాధుల జాబితా తెరిచాడు. తెలుగు లేదు. తెరనిండా ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ గీతలూ, కోడి గెలికినట్టు.

తర్వాత ఆయన నాకు చెప్పింది ఇది. విశాఖలో ఒక ప్రెస్సాయన ఎప్పుడో ఫ్లాపీలో పెట్టి ఇచ్చిన తెలుగు అక్షరాల ఫాంటుతో ఆ జాబితా టైపు చేశాడు. 'క' కావాలంటే ఇంగ్లీషు 'ఎస్' నొక్కాలి. లోపల మిషను దాచుకునేది ఆ 'ఎస్'నే, తెలుగు దానిమీద తొడిగిన చొక్కా. ఆ చొక్కా పాత లినక్స్‌తోపాటు తుడిచిపెట్టుకుపోయింది. ఫ్లాపీకి బూజు పట్టింది. ప్రెస్సు మూసేసి ఏళ్లయింది.

"ప్రింటు తీసి ఉంచుకోలేదా?" అన్నాను.

"తీసి సర్చి గోడకి అంటించినాం. సున్నాలేసినోడు గోకి పారేసినాడు."

"మళ్లీ అడిగి రాసుకో పోనీ."

"ఎవల్ని అడగను? సెప్పినోళ్లందరూ ఆ లిస్టులోకే ఎల్లిపోనారు."

క్లబ్బులో శుభంకర్ అనే బెంగాలీ అబ్బాయి మంచివాడు. వచ్చి చూసి, "ప్రేమ్‌దా, కొత్త తెలుగు అక్షరాలు ఎన్ని కావాలన్నా ఇస్తాను. కానీ దీన్ని చదవాలంటే ఆ పాతవే కావాలి," అన్నాడు. టీ తాగి వెళ్లిపోయాడు. అన్నయ్య సైబర్ కేఫ్‌కు వెళ్లి, ఇంటర్నెట్లో లినక్స్ వాళ్లంతా ప్రశ్నలు అడుక్కునే చోట తన ప్రశ్న పెట్టి వచ్చాడు. రోజూ వెళ్లి చూసేవాడు. పది రోజులకు అడిగాను, ఎవరైనా జవాబిచ్చారా అని.

"పద్నాలుగుసార్లు సూసినారని ఏసుంది."

"మరింకేం!"

"అందులో పది నేనే."

ఆదివారం ఆరాధన కాగానే దయమ్మ పిన్ని కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆవిడ కొడుకు కృపాకర్ పంతొమ్మిదేళ్లకే కామెర్లతో పోయాడు. భర్త రేవులో ఖలాసీ, ఆయనా లేడు. ఆవిడ చూపు బాగా మందగించింది.

"ఏటి పేమానందం, మీ మిసనీ లెగిసిందా?"

"లెగిసింది పిన్నీ. మాటే పడిపోనాది."

"మాట పడిపోతే మనిసికే మందు లేదు, దానికేటుంటాది!" అని నవ్వింది. "నా గుంటడి కాడికి నువ్వే కదరా ఏటా తీసుకెల్తావు. ఈ ఏడు సున్నం ఎవలికి కొట్టమంటావు? పక్కోలికా?"

ఆ వారం నేను తెచ్చిన కూర అలాగే పులిసిపోయింది.

ఈస్టరుకు ఇంకో రెండు వారాలుందనగా బంద్ వచ్చింది. బస్సుల్లేవు, రేవు లారీల్లేవు. నేను వెళ్లలేదు. పొద్దున్న సందంతా చప్పుడు లేకుండా ఉందట. అన్నయ్య జాబితా తెరిచి మొదటి వరుస చూస్తూ కూర్చున్నాడు. మొదటి వరుస వదినది. కంప్యూటర్లోకి ఎక్కించిన నాటినుంచి ఏడేళ్లుగా ఆయన ఫైలు తెరవగానే కిందికి జరిపేసేవాడు, ఆ వరుస కంటపడకుండా. ఏం రాశాడో మాత్రం నోటికొచ్చు: దెబోరా, ప్రేమానందం భార్య, తూర్పు గోడ, కొళాయి నుంచి పదకొండు అంగలు. ఖాళీ పేజీ ఒకటి తెరిచి, కళ్లు మూసుకుని, పాత అలవాటున ఆ మాటలే టైపు చేశాడు. ఏ మీట ఏ అక్షరమో అడిగితే చెప్పలేడు కానీ వేళ్లకు గుర్తుంది. కళ్లు తెరిచి చూస్తే, మొదటి వరుసలో ఉన్న కోడిగెలుకుడే పొల్లు పోకుండా ఆ పేజీలో కూడా పడింది.

"ఏటీ పోలేదు సెల్లీ. మనిసి మనిసే, బట్టలే పోనాయి," అన్నాడు ఫోన్లో.

తర్వాతి పని ఓపికది. వదిన వరుసలో లేని అక్షరాలన్నీ వేళ్లతో నొక్కి చూసి, ఏ గీతకు ఏ తెలుగక్షరమో పాత కాలెండరు వెనక పట్టిక రాసుకున్నాడు. ఒక్కో వరుస చదివి చేత్తో కాగితం మీదికి దింపాడు. నేను వచ్చి రాస్తానంటే వద్దన్నాడు. తాను చదువుతూ ఉంటే ఇంకొకళ్లు వినడం ఆయనకు ఇష్టం లేదేమో. మంచి శుక్రవారానికి మూడువందల పన్నెండూ అయిపోయాయి. నెల్లాళ్లు కుర్చీకి అతుక్కుపోవడంతో మోకాలు వాచింది.

శనివారం శ్మశానంలో జనం ఆయన చుట్టూ మూగారు. పిల్లలకు తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. "దాదా, మా తాతది? దాదా, మాది?" అంటుంటే ఆయన కాగితం చూసి, స్తంభం దగ్గర మడమ ఆనించి, అంగలు వేసి చూపిస్తున్నాడు. దయమ్మ పిన్ని వంతు వచ్చింది. పడమటి గేటు, మూడో స్తంభం, ఏడు అంగలు. వేసి ఆగాడు. పిన్ని కర్రతో నేల పొడిచింది. మళ్లీ పొడిచింది.

"ఇక్కడ కాదురా."

"ఏడే కదా పిన్నీ, రాసుంది."

ఆవిడ ముందుకు జరిగి పొడుస్తూ పోయింది. మూరెడు దూరాన కర్ర టక్కుమంది. "ఇదిగో. నాను గడ్డి కింద ఇటక ఎట్టినాను, ఎవలికీ సెప్పకుండా. నీ కాగితం తప్పు కాదు నాయనా. నీ అంగే పొట్టిదైపోనాది."

నలుగురూ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, అప్పటిదాకా తాను చూపించిన సమాధుల వైపు తిరిగి చూశాడు. అందరూ వంగి గడ్డి కోస్తున్నారు. డెబ్బై ఏళ్ల కాలు అది. ఏ ఏడు ఎంత కురచ అయిందో ఎవరికి తెలుసు?

వదిన దగ్గరికి చివర్న వెళ్లాం. కొళాయి నుంచి పదకొండు వేశాడు. అక్కడ నిలబడిపోయాడు. అక్కడ ఇటుక లేదు. పోయిన ఏడు సున్నం కొట్టిన చోటు అదేనా అంటే, కొట్టిందీ ఆ కాలు చూపించిన చోటే.

"నేను ఎవలి తలకాడ కొవ్వొత్తులు ఎట్టినానో సెల్లీ ఇన్నాళ్లూ," అన్నాడు.

ఆయన జేబులోంచి పెన్సిలు తీశాడు. కాపలావాడి దగ్గర టేపు అడిగి తెచ్చి, కుంటుతూ మళ్లీ మూడో స్తంభం దగ్గరికి నడిచాడు. స్తంభం నుంచి దయమ్మ పిన్ని ఇటుక దాకా కొలిచాడు. పదిహేడున్నర అడుగులు. దాన్ని ఏడుతో భాగించాడు. జాబితా రాసుకున్న పదేళ్ల కిందట తన అంగ రెండున్నర అడుగులని తేలింది. కొళాయి నుంచి ఆ లెక్కన కొలిస్తే, వదిన ఆయన నిలబడిన చోటుకు రెండడుగులకు పైగా అవతల ఉంది. అక్కడ మోకాళ్లమీద కూర్చోలేక, చేత్తో నేలను ఊరికే నిమిరాడు. సున్నం అప్పటికే అయిపోయింది.

ఈస్టరు వెళ్లాక సొంత టేపు కొన్నాడు. మూడువందల పన్నెండూ మళ్లీ కొలిచి, అంగలు తీసేసి అడుగులూ అంగుళాలూ రాస్తానన్నాడు. ఏప్రిల్ ఎండ. రోజూ పొద్దున్నే వెళ్లి పదేసి సమాధులు కొలుచుకుని వచ్చేవాడు. టేపు రెండో కొస పట్టుకోవడానికి నేను వస్తానన్నాను.

"వొద్దు. దాన్ని రాయి కింద ఎడతాను. మనిసక్కర్లేదు," అన్నాడు.