కంటికి కనిపించే సగం

కైకలూరులో ఒక కల్యాణ మండపానికి నేను చేసిచ్చిన, లైట్ల వెలుతురు తగ్గించే డిమ్మర్‌లోనే తప్పుంది. అప్పుడు ఆ మాట చెప్పలేదు.

నాబ్ సగం తిప్పినా వెలుతురు తగ్గినట్టు లేదని, చివర్లో ఒక్కసారిగా పడిపోతోందని అక్కడ లైట్లు చూసే పెద్దాయన అన్నారు. నేను వెలుతురు కొలిచే మీటర్ పెట్టి సరిగ్గా సగమేనని చూపించాను.

“పెళ్లికి మీటర్లు రావండీ, మనుషులొస్తారు” అన్నారాయన.

ఒక పెళ్లిలో జీలకర్ర బెల్లం వేళ హాలు చీకటైపోతే మండపం యజమాని తప్పు ఆయనదేనని పనిలోంచి మాన్పించాడు. కంటికి సగంగా కనిపించాలంటే అసలు వెలుతురు పావుకు తగ్గాలని ఆ వారమే నాకు తెలిసింది. గుట్టుగా సరిచేశాను.

ఇప్పుడు చెబితే మన పేరు పోతుందన్నాడు నా భాగస్వామి. పోతే పోనీ. యజమానిని వెంటబెట్టుకుని ఏలూరులో పెద్దాయన ఇంటికి వెళ్లాను.

“మీ కన్ను చెప్పిందే నిజమండీ. తెలిసీ నోరు మూసుకున్నాను. నన్ను క్షమించండి” అన్నాను.