కువైట్‌లో పండుగ ఏ రోజు

ఆత్మకూరు నుంచి ఉదయగిరి హైస్కూలుకి బదిలీ అయినప్పుడు నాకు ముప్పై మూడేళ్లు. అప్పటికి పెళ్లి కాలేదు. తర్వాత కూడా కాలేదు కాబట్టి ఆ సంగతి మళ్లీ ఎత్తను. బస్సు దిగేటప్పుడు నా సామాను ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట, దారంతా ఒళ్లో పెట్టుకుని తెచ్చిన గ్లోబు. గ్లోబు నా సొంతం, నెల్లూరులో కొన్నాను. దానికీ టికెట్ కొట్టాలా అని కండక్టరు నవ్వాడు. ఆ తర్వాత చాలా రోజులు నాతో సరదాగా మాట్లాడినవాళ్లు లేరు.

సోషల్ టీచరంటే అప్పట్లో స్కూల్లో పెద్ద విలువ ఉండేది కాదు. లెక్కల మాస్టారికి ట్యూషన్లు, ఇంగ్లీషు మాస్టారికి మర్యాద, సైన్సు మాస్టారికి ల్యాబు తాళాలు. మాకేమో మధ్యాహ్నం అన్నం తిన్న తర్వాతి పీరియడ్. పిల్లలు సగం నిద్రలో ఉంటే మేం మొగలుల గురించి చెప్పాలి. నాకు దాంతో సరిపోయేది కాదు. పిల్లలకు ప్రపంచం తెలియాలని ఒక పిచ్చి ఉండేది నాకు. పొద్దున్నే ట్రాన్సిస్టర్‌లో వార్తలు విని, ప్రార్థన మొదలయ్యేలోపు వరండాలో నల్లబోర్డు మీద నాలుగు వరసలు రాసేవాణ్ని. ఏ దేశంలో యుద్ధం, ఏ దేశంలో భూకంపం, ఎక్కడ ప్రభుత్వం పడిపోయింది. కింద ఆ దేశం పటం సుద్దముక్కతో గీసేవాణ్ని. దాన్ని చదివేవాడు బోర్డు తుడిచే అటెండరు ఒక్కడే, అదీ తుడిచే ముందు.

"ఏంది సార్ ఇది? ఆ దేశం యాడుంటే మన పిల్లోళ్లకేంది? రెండు నదులు, నాలుగు కొండలు మ్యాపులో పెట్టడం నేర్పించండి, పాసైపోతారు" అన్నాడు హెడ్మాస్టరు ఒకసారి. ఆయన మంచివాడే. అందరికీ పాస్ మార్కులు వస్తే చాలనుకునే మంచివాడు.

స్టాఫ్ రూములో నా పేరు ప్రపంచం సార్. నేను లోపలికి రాగానే "ప్రపంచం ఎట్లుండాది సార్?" అని ఎవరో ఒకరు అనేవాళ్లు, తతిమ్మావాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని. గదికి వెళ్లాక మాత్రం ఒళ్లు మండేది. దుర్గం కొండ కింద, కొయ్య చెంచాలు చెక్కే వీధిలో ఉండేది నా గది. కొండ మీది కర్ర తెచ్చి చెంచాలు, ఫోర్కులు, దువ్వెనలు చెక్కే ముస్లిం కుటుంబాలవి ఆ వీధిలో చాలా ఇళ్లు. అన్ని ఇళ్లలోంచీ ఉలి చప్పుడు, ఆకురాయి చప్పుడు, ఉర్దూ మాటలు వినపడేవి. నా గదిలోంచి రేడియో ఒక్కటే. ఆదివారాలు ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడకుండా గడిచిపోయేవి. సోమవారం క్లాసులో మొదటి మాట గొంతులోంచి బొంగురుగా వచ్చేది. నేను ఒంటరివాణ్ని. దాన్ని ప్రపంచ జ్ఞానం కింద దాచిపెట్టానని ఇప్పుడనిపిస్తుంది.

అప్పుడే ఆ ఊరి నుంచి కువైట్‌కి వెళ్లడం మొదలైంది. ఒకరిద్దరు వెళ్లి టేప్ రికార్డర్లతో తిరిగొచ్చారు. మా వీధిలో చెంచాలు చెక్కే ఒకాయన ఉలి పక్కన పెట్టి ఏజెంటు వెంట వెళ్లాడు. ఆయన కూతురు నా తొమ్మిదో తరగతిలో ఉండేది. రెండు జడలు, ఎప్పుడూ వేళ్లకు కొయ్యపొడి.

నా ఉద్యోగంలో నన్ను ప్రశ్నలడిగిన పిల్ల అదొక్కతే. కువైట్‌లో వాన పడతాదా సార్? నది లేకుండా నీళ్లెట్లా? వాళ్లకూ మనకూ టైము ఎంత తేడా? గ్లోబు తిప్పి చూపించేవాణ్ని. రేఖాంశాలు లెక్కగట్టి, మనం మధ్యాహ్నం రెండున్నరకు ఈ క్లాసులో ఉంటే అక్కడ పన్నెండవుతుందని చెప్పాను. "అయితే మా నాయన ఇప్పుడు అన్నం తింటా ఉంటాడు" అంది. ఆ రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. నేను మోసుకొచ్చిన గ్లోబు మీద ఒక మనిషి కూర్చుని అన్నం తింటున్నాడు. ఆ తర్వాత పాఠం తయారుచేసుకునేటప్పుడల్లా ఈ పిల్ల ఏం అడుగుతుందా అని చూసుకుని మరీ వెళ్లేవాణ్ని.

ఆ ఏడు రంజాన్ పండుగైన కొన్నాళ్లకు ఆ పిల్ల క్లాసులో లేచి నిలబడింది.

"సార్, మా నాయన జాబు రాసినాడు. ఆడ సోమవారం పండగ చేసుకున్నారంట. మనకు మంగళవారం కదా సార్ చేసినారు. ఆడ ముందెట్లా వస్తాది?"

నాకు తెలియదు. ఆ మాట నోటికి రావాలి, రాలేదు. అంతమంది ముందు, ఆ పిల్ల ముందు, తెలియదనడానికి నాకు నామోషీ అయింది. గ్లోబు తీసుకుని గిర్రున తిప్పాను. "చూడు. సూర్యుడు ముందు మనకు ఉదయిస్తాడు, రెండున్నర గంటల తర్వాత వాళ్లకు. ఏ రోజైనా ముందు మనకే మొదలవుతుంది. అలాంటప్పుడు మనకంటే ముందు రోజే వాళ్లకు పండుగ రావడం కుదరదు" అన్నాను.

"అయితే మా నాయన తప్పు రాసినాడా సార్?"

"తప్పు రాసుండాలి. లేకపోతే ఆ రోజు మీ నాయన కువైట్‌లోనే లేడేమో!"

క్లాసంతా నవ్వింది. నా పాఠానికి క్లాసంతా నవ్వడం అదే మొదలు. నేనూ నవ్వాను.

నేను నోరు జారింది మామూలు మాట కాదు. ఏజెంట్ల చేతిలో మోసపోయి బొంబాయి దాటలేక, ఊరికి తిరిగి వచ్చే ముఖం లేక, అక్కడే ఏదో హోటల్లో పనిచేస్తూ ఇంటికి మాత్రం కువైట్‌లో ఉన్నామని జాబులు రాసేవాళ్ల కథలు అప్పటికే ఊళ్లో తిరుగుతున్నాయి. పైగా జాబులన్నీ కువైట్ పోస్టులో రావు. సెలవు మీద వచ్చేవాళ్ల చేతికిస్తే, వాళ్లు బొంబాయిలో విమానం దిగి అక్కడి డబ్బాలో వేసేవాళ్లు. అందుకని కవరు మీద ఉండేది మన దేశం స్టాంపుబిళ్లే, బొంబాయి ముద్రే. ఇవన్నీ నాకు తెలుసు. ఆ క్షణంలో ఒక్కటీ తట్టలేదు.

తర్వాతి వారం నుంచి ఆ పిల్ల స్కూలుకి రాలేదు. పక్క పిల్లలను అడిగితే "ఇంట్లో పని సార్" అన్నారు. మగదిక్కు ఊళ్లో లేని ఇంటికి ఒంటరి మగవాణ్ని వెళ్లి అడగడం పద్ధతి కాదని ఊరుకున్నాను. రోజూ ఆ ఇంటి ముందునుంచే స్కూలుకి వెళ్లేవాణ్ని. ఆమె కూర్చునే చోటు ఖాళీగా ఉంటే నాకు పాఠం చెప్పబుద్ధి అయ్యేది కాదు. నోట్సు చెప్పి రాయించేవాణ్ని. పిల్లలకు అదే సుఖంగా ఉండేది.

రంజాన్ అయి రెండు నెలలు దాటాక ఒక సాయంత్రం రేడియోలో విన్నాను, అరబ్బు దేశాల్లో ఆ రోజే బక్రీద్ జరిగిందని. మా వీధిలో పొట్టేళ్లు ఇంకా గుంజలకే కట్టి ఉన్నాయి. ఇక్కడ పండుగ మర్నాడు. ఇలాంటి వార్త ప్రతి ఏడూ చెప్పే ఉంటారు. నా చెవికెక్కలేదు. ఎక్కడ ఎవరు తన్నుకుంటున్నారో వినడానికే నేను రేడియో పెట్టేవాణ్ని. పక్కింటి పండుగ గురించి ఎన్నడూ విన్నది లేదు.

ఆదివారం బస్సెక్కి ఆత్మకూరు వెళ్లాను. అక్కడి స్కూల్లో నాతో పనిచేసిన సైన్సు మాస్టారు వాకిట్లో పేపరు చదువుకుంటున్నాడు. విషయం చెప్పాను. పది నిమిషాల్లో తేల్చేశాడు.

"పండగ సూర్యుణ్ని చూసి చెయ్యరు కదయ్యా, నెలవంకను చూసి చేస్తారు. అమావాస్య దాటినాక చంద్రుడు సూర్యుడి పక్కనించి కొంచెం కొంచెం జరగతా ఉంటాడు. ఇక్కడ పొద్దుగూకేటప్పటికి ఇంకా వెలుగులోనే ఉండి కనపడడు. రెండున్నర గంటలు పోయి ఆడ పొద్దుగూకేటప్పటికి ఇంకొంచెం జరిగుంటాడు, కనపడతాడు. వాళ్లకు మర్నాడే పండగ. మనకు కనపడేది మర్నాటి సాయంత్రం, పండగ ఆ పైరోజు. దీనికి ఇంతదూరం వచ్చినావా? మీ స్కూల్లో సైన్సాయన లేడా?"

ఉన్నాడు. ఆయన్ని అడిగితే ప్రపంచం సార్‌కి ఇది తెలియదా అంటాడని అడగలేదు. ఆ మాట మాత్రం నేను చెప్పలేదు. మాస్టారి భార్య అన్నం తిని వెళ్లమంది. బస్సుంది అని వచ్చేశాను.

బస్సు దిగి గదికి కూడా పోకుండా అటెండరును వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లాను. పిల్ల అరుగు మీద కూర్చుని గరుకు కాగితంతో చెంచాలు రుద్దుతోంది. నన్ను చూసి లేచి లోపలికి పోయింది. కాసేపటికి తలుపుకి వేసిన పరదా వెనక నుంచి తల్లి గొంతు వినపడింది.

వచ్చిన పని చెప్పాను. నేను చెప్పింది తప్పని, మీ ఆయన రాసిందే నిజమని, చంద్రుడి సంగతంతా పరదాకే వివరించాను. అంతా విని ఆమె మొదలుపెట్టింది.

"పాప వచ్చి, సార్ ఇట్లా చెప్పినాడనింది. కవరు మీద చూస్తే బొంబాయి అని ఉండె. ఇంకేమనుకునేది సార్ నేను? ఎవురో ఏజెంటు ముంచేసినాడు, ఈయన బొంబాయిలో అంట్లు తోముకుంటా మాకు కతలు రాస్తా ఉండాడనుకున్న్యా. నోటికొచ్చినట్టంతా పాప చేత రాయించి పంపించినా. ఇంక డబ్బులు రావని పాపను బడి మాన్పించి ఈ పనిలో పెట్టినా."

"మసీదులో పెద్దవాళ్లనైనా అడగాల్సింది కదమ్మా."

"మొగుడు అబద్ధాలు రాస్తా ఉండాడని నలుగుర్లో అడిగేదా?" అంది. మళ్లీ తనే, "మీకు తెలవదని చెప్పుంటే అయిపోయేది కద సార్" అంది.

ఆమె గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే బాగుండేదని గదికొచ్చి కూర్చున్నాక చాలాసార్లు అనుకున్నాను. నేనే ఇంగ్లీషులో అడ్రసు రాసి, నా తప్పంతా ఒప్పుకుంటూ ఆయనకు జాబు రాశాను. అది ఆయనకు అందలేదు. అందేలోపే ఆయన బయల్దేరిపోయాడు.

ఎండలు ముదిరే రోజుల్లో ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూము గుమ్మం దగ్గరకు వచ్చాడు. బక్కపలచని మనిషి, కొత్త చొక్కా. నేను బయటకు వచ్చేసరికే చేతిలో పాస్‌పోర్టు తెరిచి పట్టుకుని ఉన్నాడు.

"నమస్తే సార్. ఇదిగో చూడండి. ఇది నేను కువైట్‌లో దిగిన రోజు ముద్ర. ఇది తిరిగి వచ్చిన రోజు ముద్ర."

వద్దన్నాను. చూడండి సార్ అని మళ్లీ అన్నాడు. చూశాను. చూస్తే తప్ప ఆయన మనసు కుదుటపడదని అర్థమైంది. ఇంట్లో ఆడమనిషికి ఇది చూపించడానికి గడువుకు ముందే పని వదిలి వచ్చేశాడు. అక్కడి యజమాని మళ్లీ రానివ్వడు. ఆయన ఇక ఉలి పట్టుకోవలసిందే.

వరండాలో నా వార్తల బోర్డు కింద ఇద్దరం నిలబడ్డాం. తప్పు నాది, నాకు తెలియక అన్నాను అని చెప్పాను. ఆయన నా ముఖం చూడకుండా మాట్లాడాడు.

"ఆడ మాది సెంట్రింగ్ పని సార్. రూములో పది మంది, ఎవురి భాష ఎవురికీ రాదు. రోజులకు రోజులు నోరు తెరిచేది లేదు. పండగ రోజు నమాజు కాడ ఒక ముసలాయన, ఎవురో తెలవదు, చెయ్యి పట్టుకుని వాళ్లింటికి పిల్చుకపొయ్యి వాళ్ల పళ్లెంలోనే అన్నం పెట్టినాడు. ఊరు వదిలినాక మనిషి పక్కన కూర్చుని తినింది ఆ ఒక్క పూటే. అదే రాసినా సార్. ఆ జాబులో ఆరోగ్యం బాగుండాదనింది అబద్ధం, పని సులువనింది అబద్ధం, తిండి బాగుండాదనింది అబద్ధం. అవన్నీ నమ్మినారు. పండగ సంగతి ఒకటే నిజం. దాన్నే నమ్మలా."

నా ఆదివారాలు ఎలా ఉండేవో నాకు తెలుసు, అందుకని ఆ పూట ఆయనకు ఎంతటిదో నాకు తెలుసు. ఆ మాట ఆయనతో అనే అర్హత నాకు లేదనిపించి ఊరుకున్నాను.

"పాపను మళ్లీ చేర్చుకుంటారా సార్?" అన్నాడు వెళ్లబోతూ.

హాజరు పట్టీలో పేరు కొట్టేశారు. హెడ్మాస్టరును బతిమాలి మళ్లీ ఎక్కించాను. సెలవుల తర్వాత ఆ పిల్ల తొమ్మిదిలోనే మళ్లీ కూర్చుంది, తన కంటే చిన్నవాళ్ల మధ్య. మొదటి రోజే క్లాసులో నిలబడి, పోయినేడు నేను ఈ పిల్లకు తప్పు చెప్పానని, నాకు తెలియక చెప్పానని అందరి ముందూ అన్నాను. చంద్రుడి సంగతి బోర్డు మీద గీసి చూపించాను. ఆమె తల దించుకుని ఆ బొమ్మ నోట్సులో ఎక్కించుకుంది.

ఆ తర్వాత రెండేళ్లు నా క్లాసులో ఉంది. పాఠం అయ్యాక ఎవరైనా ఏమైనా అడగాలా అని ఆమె వైపే చూసేవాణ్ని. ఆమె పుస్తకంలోకి చూసేది. నాకు తిరిగి ఆత్మకూరు బదిలీ కాగితాలు వచ్చిన నెలలోనే పదో తరగతి వాళ్లకు పబ్లిక్ పరీక్షల ముందు స్కూల్లో ఆఖరి పరీక్ష పెట్టాం. సోషల్లో క్లాసు మొత్తంలో మొదటి మార్కు ఆమెదే. ఆ పేపరు నేనే దిద్దాను. ప్రతి జవాబూ నేను చెప్పి రాయించిన నోట్సే, అక్షరం పొల్లుపోకుండా. కువైట్ గురించి రాసిన పేజీలో కూడా సొంత మాట ఒక్కటి లేదు.