వాళ్లొస్తరంట

నిన్న అశోక్ నగర్‌లో ఒక పుస్తకాల షాపులో సాంబ్రాణి పొగ వేస్తుంటే దోమలగూడలోని మా ఇల్లు గుర్తొచ్చింది. మేడ మీద కిరాయికుండే నఫీసా ఖాలా శుక్రవారాలు ఆ పొగ వేసేది.

నాకు ఏడేళ్లప్పుడు, నగరంలో ఎక్కడో గొడవలయ్యాయని బడికి సెలవిచ్చారు. ఆ రోజు గల్లీ పెద్దలు నానమ్మ దగ్గరికొచ్చారు.

"వాళ్లను నమ్మకుండ్రి అమ్మా. ఏమన్న చేస్తరు. ఖాళీ చేయించుండ్రి."

తలుపు వెనక నిలబడి విన్న నాకు ఒకటే ఆరాటం. ఎవరీ వాళ్లు? ఎట్లా ఉంటారు? చూద్దామని కిటికీ ఎక్కాను. గల్లీలో ఎవరూ కనబడలేదు. అప్పుడు భయం పుట్టి మేడ మీదికి పరుగెత్తాను.

"ఖాలా, వాళ్లొస్తరంట! జల్ది తలుపెయ్యి."

"ఎవరు బేటా?"

"ఏమో! నమ్మొద్దంట. కిందికొచ్చినోళ్లు నానమ్మకు చెప్తున్నరు."

ఖాలా గడియ పెట్టి, నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

వెతుక్కుంటూ వచ్చిన నానమ్మకు సంగతంతా చెప్పాను. ఆమె మెట్ల మీది నుంచే ఆ పెద్దలతో అంది: "మా పిల్ల భయమైతే ఈ ఇంట్లకే ఉరికొచ్చింది. ఇగ నేనెవర్ని ఖాళీ చేయించాలె?"

ఆ 'వాళ్లు' ఎవరో నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. ఖాలాకు మాత్రం అప్పుడే తెలుసు. తెలిసే, నా కోసం గడియ పెట్టింది.