దారం లేని మిషను

మా నాయిన మా అమ్మను కొట్టేవాడు కాదు, ఆమె కాళ్లను కొట్టేవాడు. ఈ తేడా ఆయనకు చాలా ముఖ్యం. ఎవరైనా పెద్దమనిషి వచ్చి అడిగితే, "నేను దాన్ని ఏమనలే. కాళ్లనే కొట్టిన" అని గట్టిగా చెప్పేవాడు. అడిగినాయన తలూపి, మా అమ్మ చేతి చాయే తాగి వెళ్లిపోయేవాడు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది నాకు.

ఆ కాళ్లు చేసిన తప్పల్లా కుదురుగా ఉండకపోవడం. పగలంతా బాగానే ఉండేవి. పొద్దుగూకి, పని ముగించుకుని కూర్చుంటే చాలు, పిక్కల లోపల ఏదో పాకినట్టు, ఎవరో నరాలు పట్టి గుంజినట్టు అయ్యేదట. కదిలిస్తే కాసేపు నెమ్మదించేది, ఆపితే మళ్లీ మొదలయ్యేది. ఆ సంగతి అమ్మ ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి దానికొక పేరంటూ ఉంటే కదా. మాకు కనబడేది ఒక్కటే, అమ్మ కాళ్లు ఊపుతోంది. ఆడమనిషి కాళ్లు ఊపితే ఇంట్లో లక్ష్మి నిలవదని మా ఊరంతా నమ్మేది. శామీర్‌పేట పక్కన మా ఊళ్లో పొలాలు అప్పుడప్పుడే ప్లాట్లవుతున్నాయి. నాయిన సేద్యం వదిలేసి భూముల బేరాల్లో పడ్డాడు. బేరం కుదిరితే అది ఆయన తెలివి, చెడితే అది మా అమ్మ కాళ్ల పాపం. చెడిన రోజు ఇంట్లోకి వస్తూనే గోడకున్న ఎడ్ల ముల్లుగర్ర అందుకునేవాడు. ఎడ్లను ఎప్పుడో అమ్మేశాడు, ముల్లుగర్రను మాత్రం ఉంచుకున్నాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు సురుకలు పెట్టే ముసలాయనను ఇంటికి పిలిపించాడు. పసిపిల్లల కడుపు ఉబ్బినా, ఎద్దు కుంటినా, ఆడవాళ్లకు గాలి సోకినా మా వైపు ఒకటే మందు, ఎర్రగా కాల్చిన ఇనుముతో వాత పెట్టడం. అమ్మ కాళ్లల్లో గాలి చేరిందని ఆయనా, మా నాయినా కలిసి తేల్చారు. పట్టపగలు వాకిట్లో నిప్పులు పోసి కొడవలి మొన కాల్చారు. నాయిన అమ్మ భుజాలను నేలకు అదిమిపెట్టి నన్ను పిలిచాడు.

"కాళ్లు నువ్వు పట్టుకో. గట్టిగ పట్టు. కదలనియ్యకు."

పట్టుకున్నాను. మడమల దగ్గర రెండు చేతులూ బిగించి నా బరువంతా వేశాను. ఒక్కో పిక్కకు మూడు వాతలు. తోలు కాలిన వాసన ముక్కులో దూరింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది కాబట్టి అరుపు బయటికి రాలేదు. కాళ్లు మాత్రం నా చేతుల్లో చేపల్లాగా కొట్టుకున్నాయి, నేను వదల్లేదు. అయిపోయాక నాయిన "శెబాష్ బిడ్డా" అని తల నిమిరితే నాకు గర్వంగా అనిపించింది. ఈ మాట రాయకుండా దాటేద్దామని చాలాసార్లు అనుకున్నాను. కానీ గర్వంగానే అనిపించింది.

పుండ్లతో అమ్మ పదిహేను రోజులు కాలు కదపలేకపోయింది. రోగం కుదిరిందని నాయిన ఊరంతా చెప్పుకున్నాడు. పుండ్లు మానగానే కాళ్లు మళ్లీ మొదలుపెట్టాయి. ఈసారి ఆయన కంట పడకముందే అమ్మ ఒక పని చేసింది. పుట్టింట్లో మూలకు పడి ఉన్న, కాలితో తొక్కే కుట్టుమిషను తెప్పించుకుంది. దీపాలు పెట్టే వేళకు దాని ముందు కూర్చుని టకటకా తొక్కడమే తొక్కడం. "ఆడిమనిషంటే గిట్లుండాలె" అని నాయిన మురిసిపోయాడు. ముల్లుగర్ర జోలికి మళ్లీ పోలేదు. ఒకసారి దగ్గరికి వెళ్లి చూస్తే సూదిలో దారం లేదు. కింద ఒక పాత గుడ్డపీలిక, దాని నిండా బెజ్జాలు.

"దారం ఎక్కియ్యలేదేందమ్మా?"

"మరిసిన బిడ్డా."

నమ్మేశాను. తొమ్మిదేళ్ల పిల్లను, ఏం తెలుస్తుంది. కుట్టుపని నేను ఆ మిషను మీదే నేర్చుకున్నాను.

ఇప్పుడు మేం మేడ్చల్‌లో ఉంటున్నాం. గుండ్లపోచంపల్లిలో బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డులో పని చేస్తాను, మిగిలినవి ఇంటికి తెచ్చుకుంటాను. నాయిన పోయాక అమ్మను, ఆమె మిషనునూ నా దగ్గరికే తెచ్చుకున్నాను. పోయినేడు నాకు ఆమె మీద ప్రేమ ముంచుకొచ్చింది. ఈ వయసులో ఇంకా తొక్కడమెందుకని మిషనుకు మోటరు పెట్టించాను. మేడ్చల్‌లో కుట్టేవాళ్లందరూ చేసేదే. తొక్కే పలకను ఊడదీసి మిద్దె మీద పడేశాను.  వారం తిరక్కముందే అమ్మ సాయంత్రమైతే ఇంట్లో ఆ గోడకూ ఈ గోడకూ తిరగడం మొదలుపెట్టింది. కూర్చుంటే పిక్కల మీద చపాతీ కర్రతో దబదబా బాదుకునేది. "ఏందమ్మా, పిచ్చి గిట్ల లేసిందా" అని కసిరాను. కర్ర గుంజుకుని దాచిపెట్టాను కూడా.

నా కూతురు కండ్లకోయలో ఇంజనీరింగ్ చదువుతుంది. ఒక సాయంత్రం నేను ఆ మిషను మీద కుడుతుంటే పక్కన మంచం మీద చదువుకుంటోంది. ఒకటే కాళ్లు ఆడించడం. రెండుసార్లు చెప్పాను, వినలేదు. మూడోసారి దాని కాలు మిషను బల్లకు తగిలింది. గుడ్డ జరిగి నా వేలు సూది కిందికి పోయింది. మోటరు మిషను కదా, ఆగలేదు. గోటిలోంచి దిగి సూది విరిగింది. కుడుతున్న తెల్ల చొక్కా నిండా నెత్తురు.

చెక్క స్కేలు చేతికందింది. పిల్ల పిక్కల మీద ఎన్ని దెబ్బలు వేశానో లెక్క లేదు. అది కాళ్లు ముడుచుకుంటుంటే దెబ్బ సరిగా పడట్లేదని ఇంకా కోపమొచ్చింది. అమ్మ వైపు తిరిగి అరిచాను.

"అమ్మా, దాని కాళ్లు పట్టుకో. గట్టిగ పట్టు."

అమ్మ లేచి వచ్చింది. నా చేతిలోంచి స్కేలు లాక్కుని నా వీపు మీద కొట్టింది. తల కాసుకుంటే చేతుల మీద కొట్టింది. స్కేలు రెండు ముక్కలయ్యేదాకా కొట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె చేతి దెబ్బ తినడం అదే మొదలు.

"నా కాళ్లు నువ్వు పట్టినవ్. ఇప్పుడు దీని కాళ్లు నన్ను పట్టమంటున్నవా?" అంది రొప్పుతూ. "ఆ పొద్దు నువ్వొక్క గడియ ఇడిసిపెడితే నేను ఉరుకుతుంటి."

ఇన్నేళ్లలో ఆమె ఆ రోజు మాట ఎత్తలేదు. మరిచిపోయిందనే అనుకున్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మా అమ్మ ముందు, నా కూతురి ముందు, నేను మా నాయిననైపోయి నిలబడ్డాను.

పిక్కల లోపల ఏదో పాకుతుందని ఆ రాత్రి పిల్ల చెబితే, తనకూ అదేనంది అమ్మ. మర్నాడు ముగ్గురం ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ ముందు పిల్ల పిక్కల మీది చారలు చూసింది. ఎవరు కొట్టారంది. నేనే అన్నాను. నన్నొక చూపు చూసి, పిల్లను అడగడం మొదలుపెట్టింది. పొద్దుగూకితే ఎక్కువవుతుందా, కూర్చుంటే వస్తుందా, నడిస్తే తగ్గుతుందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా. చివరి ప్రశ్నకు అమ్మ ముందుకొచ్చి చీర మోకాళ్ల దాకా ఎత్తి చూపించింది. ఆ మచ్చలు చూసి డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

"ఇది చాలామందికి ఉండేదే అమ్మా. బయట వరసలో కూర్చున్నవాళ్లలో కూడా ఉంటారు. నవ్వుతారని చెప్పుకోరు, అంతే. తల్లి నుంచి పిల్లలకు రావచ్చు. ఒంట్లో ఇనుము తగ్గితే ఇంకా ఎక్కువవుతుంది."

రక్తపరీక్షలో ఇద్దరికీ ఇనుము తక్కువే వచ్చింది. అంటే ఇనుము చాలని కాళ్లకు మా నాయిన ఇనుము కాల్చి పెట్టించాడు. ఆయన బతికుంటే ఆ కాగితం తీసుకెళ్లి ముఖాన కొట్టేదాన్ని.

షెడ్డుకు వెళ్లాక నా కోపం ఊరుకోలేదు. మధ్యాహ్నం సద్దులు విప్పిన వేళ అందరి ముందూ అడిగేశాను. పొద్దుగూకితే ఎవరికైనా కాళ్లు గుంజుతాయా అని. పదిహేను మందిమి ఉంటాం. అందరూ సద్దుల మీదికి తలలు వంచారు. చివరికి కాజాలు కుట్టే పెద్దావిడ, సాయిబుల ఇంటామె, అన్నం కలుపుతూ చెప్పింది.

"నాకుంది బేటీ. పొద్దుగూకి మగ్రిబ్ అజా అయినంక షురూ అయితది. దుపట్టా పిక్కలకు గట్టిగ కస్కె కట్టుకుంట. మస్తు పరేషాన్. మా ఆయనకు గూడ తెల్వదు."

ఆ తర్వాత ఇంకో ఆమె, కడుపుతో ఉన్నప్పుడు మొదలైందని. ఇంకో ఆమె, అత్త దయ్యం పట్టిందని భూతవైద్యుడికి చూపించిందని, వేపమండలతో ఒళ్లంతా వాచేలా కొట్టించిందని. పదిహేను మందిలో ముగ్గురు. ఒకే కప్పు కింద, ఒకరి పక్కన ఒకరు, ఏళ్ల తరబడి కుడుతూ. శామీర్‌పేట మొత్తం మీద ఇలాంటి కాళ్లున్న పెళ్లాం తనొక్కడికే దొరికిందని మా నాయిన అనుకున్నాడు.

మిద్దె మీంచి పలక దించాను. తుప్పు గీకి, నూనె వేసి, మోటరు పీకేసి మళ్లీ బిగించాను. మాత్రలతో పిల్లకు కొన్ని నెలల్లో చాలావరకు తగ్గింది. అమ్మకు అంతగా తగ్గలేదు. సాయంత్రాలు దారం లేకుండా తొక్కుకుంటుంది, మేమెవరం ఏమీ అడగం.

మొన్న ఒక సాయంత్రం తొక్కి తొక్కి అలసిపోయి మంచం మీద కూర్చుంది. కాళ్లు ఊరుకోవడం లేదు. నేను కింద కూర్చుని పిక్కలు పిసకడం మొదలుపెట్టాను. ఆరు మచ్చలూ వేళ్లకు నున్నగా తగిలాయి. అమ్మ కళ్లు మూసుకుంది. కాళ్లు మెల్లగా ఆగాయి. నా చేతులు మాత్రం తెలియకుండానే మడమల దగ్గరికి జారి బిగుసుకున్నాయి.

"ఇగ ఇడువు బిడ్డా" అంది.

వదిలేశాను.