ఇందిరమ్మత్త మార్చిన పద్నాలుగో ప్రశ్న

ఇందిరమ్మత్తకు చదువు రాదు. అయినా హనుమకొండ కాలేజీ వాళ్లు అచ్చు వేయించిన కాగితంలో పద్నాలుగో ప్రశ్న ఆమెదే.

ఆమె నాకు సొంత అత్త కాదు. కొత్తవాడలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉంటుంది, వాడంతటికీ అత్తే. అరవై దాటాయి. పొద్దున్నే గడపలో రాట్నం పెట్టుకుని మగ్గాలకు నూలు కండెలు చుడుతుంది. చుడుతూనే ఎవరి మగ్గం చప్పుడు ఆగిందో, ఎవరి పొయ్యి ఆలస్యంగా వెలిగిందో చెప్పేస్తుంది. ఎవరింటికి పోయినా తలుపు కొట్టదు. నేరుగా వంటింట్లోకి పోయి గిన్నె మీద మూత తీసి, "గింతేనా వండినవ్?" అంటుంది. కొత్త కోడళ్లకు మొదట కోపం వస్తుంది. తర్వాత ఆ మాట వినపడని రోజున వాళ్లే వెతుక్కుంటూ పోతారు.

వానాకాలంలో నవత అనే అమ్మాయి కాగితాలు పట్టుకుని మా వాడకు వచ్చింది. కాలేజీలో పెద్ద చదువు చదువుతోంది. కష్టం వచ్చినప్పుడు ఏ కుటుంబం తట్టుకుని నిలబడుతుందో తెలుసుకునే ముప్పై ప్రశ్నలవి. ఎక్కడో ఇంగ్లీషులో తయారైతే తెలుగులోకి మార్చారు. మనవాళ్లకు కుదురుతాయో లేదో ముందు పది ఇళ్లలో అడిగి చూస్తారు. ఒక్కో జవాబుకు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. తక్కువ వచ్చిన ఇళ్లకు వారానికోసారి ఓ మనిషి వచ్చి మంచిచెడ్డ కనుక్కుంటుంది, దవాఖానకు తోడు పోతుంది.

నేను ఏడో తరగతి దాకా చదివాను గనుక ఇందిరమ్మత్తకు చదివి వినిపించే పని నాకు పడింది.

"మా ఇంట్లో మనసులో మాట ఒకరికొకరం చెప్పుకుంటాం" అని చదివాను.

"చెప్పుడెందుకే? మీ మామ కంచం పక్కకు నూకితే నాకు తెల్వదా?" అంది.

నవత నవ్వి, అది కూడా రాసుకుంది.

నవత ఎవరి మార్కులు వాళ్లకే చెప్పింది. నాకు చాలా తక్కువ వచ్చాయి. మా ఆయన కైలాసం చనిపోయి అప్పటికి ఐదు నెలలు. అందుకే కాబోలు అనుకుని ఊరుకున్నాను. సాయంత్రం నల్లా దగ్గర శోభారాణి కలిసింది. నెక్కొండ నుంచి వచ్చి వెనక సందులో కిరాయికి ఉంటున్నారు. ఆమె భర్త హరీష్ నడుము పడిపోయి మూడు నెలలుగా మంచంలో ఉన్నాడు.

"మా ఇంటికి మనిషి రాదట అక్కా. నాకు మార్కులు మస్తు వచ్చినయట" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన్ను ఒక్కతే ఆటో ఎక్కించలేక రెండుసార్లు దవాఖాన తారీఖు తప్పిపోయిందట.

ఆ సంగతి ఇందిరమ్మత్తకు చెప్పాను. రాట్నం ఆగింది.

"నువ్వు ఏ ప్రశ్న కాడ ఫెయిలైనవే భవానీ?"

వెతికి చదివాను. "కష్టంలో ఇరుగుపొరుగును సాయం అడుగుతాం." అదే పద్నాలుగోది. దాని వెనక ఇంకో నాలుగు కూడా అడగడం గురించే. నేను అన్నిటికీ 'ఎన్నడూ లేదు' అన్నాను. అడగలేదు మరి. శోభారాణి 'ఎప్పుడూ' అంది. పాపం, ఆమె తట్టని తలుపు లేదు.

"ఆ పిల్లను పిలువు" అంది అత్త.

సోమవారం కాగితం ఖాయం చేసి ఇవ్వాలని నవత కంగారుగా ఉంది. అయినా శనివారం వచ్చింది. ఇందిరమ్మత్త ఆమె చెయ్యి పట్టుకుని మా లోపలి గదిలోకి తీసుకుపోయింది. పెట్టె మీద మడిచి పెట్టిన జంపఖానాను కింద పరిచింది.

"ఇగో, ఈడిదాక కైలాసం నేసిండు. చెయ్యి పెట్టి చూడు, ఎంత గట్టిగ ఉన్నదో. ఈడికెల్లి మా వాడ బాలరాజు, జర వదులు. గీ బెత్తెడు ఓంకార్‌ది. అంచు ఎట్ల వంకర పోయిందో చూసినవా? వాడు ఫోన్ చూసుకుంట నేస్తడు."

నవత వంగి వేళ్లతో తడిమింది. నేను కిటికీ వైపు చూశాను.

"పోయినోని బట్ట మగ్గం మీద సగంల ఉండొద్దు బిడ్డా. పన్నెండో నాటికి నేసి దింపినం. పదకొండు దినాలు ఈ ఇంట్ల పొయ్యి ముట్టియ్యనియ్యలే. వీళ్లల్ల ఒక్కన్నన్న భవాని అడిగిందా?"

"లేదా అమ్మా?"

"అడిగితే మా వాడల 'సూద్దాం తియ్' అంటరు. అడగకుంటనే అస్తరు. నీ కాగితం అడిగినోళ్లను లెక్క వెడుతాంది, అచ్చినోళ్లను లెక్క వెడుతలేదు."

నవత కాగితం తిప్పి పెన్ను తీసింది. "అయితే 'మీకు సాయం అందుతుందా' అని మారుద్దామా?"

"అందరు ఔననే అంటరు. ఇజ్జత్ గదా! పేర్లడుగు. పిలువకుంట మీ ఇంటికి ఎవలచ్చిండ్రు, ఏం పని చేసి పోయిండ్రు, గంతే."

నవత అక్కడే గోడకు ఆనుకుని రాసింది. ఒకరి పేరు చెబితే రెండు మార్కులు, నలుగురి పేర్లు చెబితే ఐదు, ఎవరూ లేకపోతే ఒకటి. మిగిలిన నాలుగు ప్రశ్నలూ అదే తీరుగా మార్చింది. ముగ్గురం వెనక సందుకు పోయాం. ఇందిరమ్మత్త ఒకరింటి గడప బయటే ఆగిపోవడం మొదటిసారి చూశాను. ఆ ఇంట్లోకి ఆమె అంతకుముందు ఎన్నడూ పోలేదు.

నవత కొత్త ప్రశ్న చదివింది. శోభారాణి వేళ్లు మడవడానికి చెయ్యి ఎత్తింది. మొదటి వేలు దగ్గరే ఆగింది.

"ఎవలు రాలే" అంది.

ఇందిరమ్మత్త తల దించుకుంది. తిరిగి వస్తుంటే దారిలో నాతో అంది. "శోభారాణి నన్ను కూడా అడిగిందే భవానీ. దవాఖానకు తోడు రమ్మన్నది. సూద్దాం తియ్ అన్న."

సోమవారం కాగితం ఆ ప్రశ్నలతోనే పోయింది. కాలేజీలో పెద్దమేడం రెండుసార్లు చదివించుకుని, ఇవి ఎవరు చెప్పారని అడిగిందట. వచ్చే వారం నుంచి శోభారాణి ఇంటికి బుధవారం బుధవారం మనిషి రావడం ఖాయమైంది.

కానీ బుధవారం దాకా ఇందిరమ్మత్త ఆగలేదు. మంగళవారం పొద్దున్న చూస్తే ఆమె గడపలో రాట్నం లేదు. చప్పుడు వెనక సందులోంచి వస్తోంది. నేను ఓ గిన్నెలో పప్పు పోసుకుని పోయాను. శోభారాణి గడపలో రాట్నం ఉంది. హరీష్‌ను ఆటో ఎక్కించడానికి బాలరాజు, ఓంకార్ నిలబడి ఉన్నారు. ఓంకార్ ఫోన్ జేబులోనే ఉంది.

లోపల వంటింట్లో మూత తీసిన చప్పుడైంది.

"గింతేనా వండినవ్?"